మోటారు స్విచ్చు పక్కన ఆటవెలది: ఒక ఇంటి ప్రాజెక్టు డైరీ

జూన్, బడులు తెరిచిన వారం

ప్రాజెక్టు ఏమిటో ముందే రాసి పెట్టుకుంటే తర్వాత మాట మార్చే వీలుండదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద అతికించే చీటీలు, మోటారు దగ్గరి హెచ్చరికలు, సరుకుల పురమాయింపులు, నాన్నగారి మాత్రల సంగతి, వీటన్నిటినీ ఇకనుంచి వీలైనంతవరకు పద్యాల్లో రాయాలి. కవిత్వానికని విడిగా ఒక గంట పెట్టుకోకూడదు. పని ఎక్కడుందో పద్యం అక్కడే ఉండాలి. పని అయిపోతే చెరిపేయాలి, ఎంత బాగా కుదిరినా సరే.

కవిత్వాన్ని రోజువారీ జీవితంలోకి తేవడం అని జనం చెప్పే పద్ధతులు కొన్ని చూశాను. పొద్దున్నే ఫోన్‌కి ఒక పద్యం వస్తుంది, కింద తాత్పర్యం, పక్కన తామరపువ్వు. అందరం దణ్ణం బొమ్మ పెట్టి కిందికి జరిపేస్తాం. ఆ పద్యం నాతో ఏ పనీ చేయించదు, నేను దానితో ఏ పనీ చేయించను. సాయంత్రానికి ఒక్క ముక్క గుర్తుండదు.

మా నాన్నగారి ఈడువాళ్ళకి పద్యం ఇంత దూరపు చుట్టం కాదు. తెనాలి చుట్టుపక్కల నాటకాల పిచ్చి ఎలాంటిదో చెప్పక్కర్లేదు. స్థానం నరసింహారావు ఆడవేషాలు కట్టిన రామవిలాస సభ ఇక్కడిదే. చుట్టం గుమ్మంలో కనపడగానే "బావా! ఎప్పుడు వచ్చితీవు" అని తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకునేవాళ్ళట. నాటకంలో కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరించే పద్యం అది. వచ్చినాయన బావ అయినా కాకపోయినా ఆ పలకరింపు చెల్లిపోయేది. కొత్త ఊళ్ళో ఇల్లు చూడబోతే "అప్పిచ్చువాడు వైద్యుడు" అని ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. పద్యం చదవడానికి కూర్చోలేదు వాళ్ళు, వాడుకున్నారు.

ఇంకా వెనక్కి వెళ్తే, పల్నాడు మీద శ్రీనాథుడు చెప్పాడనే చాటువు ఉంది:

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జజొన్న కూళ్ళు సర్పంబులును తేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

ఇది అచ్చంగా ఫిర్యాదు. నీళ్ళు బాగాలేవు, తిండి బాగాలేదు, కాలు పెడితే తేలు. అంతటి కవి తేళ్ళ మీద చెప్పగాలేంది మనం మోటారు మీద చెప్తే ఎవరేమంటారు? పావులూరి మల్లన ఏకంగా లెక్కల పుస్తకాన్నే తెలుగు పద్యాల్లో పెట్టాడు. వడ్డీ లెక్క పద్యంలో ఇమిడినప్పుడు కందిపప్పు ఇమడదా అనేది నా వాదన. "ఇమిడితే ఇమిడింది కానీ, పప్పు మాత్రం టైముకి ఇంట్లో ఉండాలి" అని మా ఆవిడ షరతు.

జూన్, రెండో పక్షం: బోర్డు

పాత మంచం కింద దొరికిన ప్లైవుడ్ ముక్క, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. గరుకు కాగితంతో రుద్ది, బ్లాక్‌బోర్డు పెయింటు రెండు పూతలు వేశాను. రెండు పూతలకీ మధ్య ఒక రాత్రి ఆరనివ్వాలి. ఆరిన తర్వాత వెంటనే రాయకూడదు. సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని బోర్డంతా పులిమి, పొడిగుడ్డతో తుడిచేయాలి. లేకపోతే మొదట రాసిన అక్షరాల మరక ఎన్నాళ్ళైనా పోదు. ఆ రహస్యం మా వీధిలో రిటైరైన ఒక మాస్టారు చెప్పారు.

సుద్దని పంచదార నీళ్ళలో కాసేపు నానేసి రాస్తే అక్షరం తెల్లగా, మందంగా పడుతుంది, చెయ్యి తగిలితే అంత తొందరగా చెరగదు. చీమలు పడతాయని మా ఆవిడ అనుమానం. ఇప్పటికైతే రాలేదు.

తెలుగు బోర్డు రాయడంలో అసలు చిక్కు ఒత్తుల దగ్గర వస్తుంది. పై పాదం ఒత్తు కింది పాదం గుడి మీద కూర్చుంటుంది. అందుకని నాలుగు పాదాలకీ దారంతో గీతలు కొట్టి, గీతకీ గీతకీ మధ్య చేతివేళ్ళు నాలుగు పట్టేంత ఖాళీ వదిలాను. రెండడుగుల బోర్డు మీద నాలుగు పాదాల పద్యం దర్జాగా కూర్చుంది. సీసపద్యం రాయాలంటే మాత్రం గోడే కావాలి.

ఎక్కడ పెట్టాలన్నది కొంచెం తర్జనభర్జన అయింది. హాల్లో పెడితే అలంకారం అయిపోతుంది. చివరికి మెట్ల కింద, మోటారు స్విచ్చు పక్కన మేకు కొట్టాను. మేమూ, పైన అద్దెకుండేవాళ్ళూ రోజూ తప్పనిసరిగా చెయ్యి పెట్టే చోటు అదొక్కటే.

జూలై: మొదటి పద్యం

ఛందస్సు ఏది అన్నదానికి పెద్దగా ఆలోచించలేదు. వేమన వల్ల ఆటవెలది అందరి నోట్లోనూ ఉంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (రెండు మూడు అక్షరాల తునకలు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాల తునకలు). రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరానికి చుట్టమైన అక్షరం అక్కడ పడాలి. పాదాల రెండో అక్షరాలన్నీ కలవాలనే ప్రాస బెడద లేదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. దానికి గురువు లఘువు, అంటే పొడుగు అక్షరం పొట్టి అక్షరం, స్కూల్లో చెప్పారు కానీ పరీక్ష అయిపోగానే మర్చిపోయింది. పుస్తకం తీయకుండా చెప్పాలనుకున్నాను. "విశ్వదాభిరామ వినురవేమ" అని చప్పట్లు కొట్టమన్నాను. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు చప్పట్లు. అదే రెండో పాదానికీ నాలుగో పాదానికీ కొలబద్ద. నువ్వు రాసిన వాక్యం ఈ ఐదు చప్పట్లలో పట్టిందా, పాసు. మొదటి పాదానికి "ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు". ఉప్పు, కప్పు, రంబు, అక్కణ్ణుంచి నడక మారి నొక్కపో, లికనుండు. గణాల పేర్లు చెప్పకుండా దీన్ని పట్టుకోవడానికి దానికి ఒక సాయంత్రం సరిపోయింది.

ఒక ప్రశ్న వేసింది. "చూడచూడ రుచుల జాడవేరు"లో చూ-కీ జా-కీ యతి ఎలా కుదిరింది, హల్లు సరే, అచ్చు కలవలేదుగా అని. మంచి ప్రశ్న. అక్కడ ప్రాసయతి వేశాడు. మొదటి అక్షరాలని వదిలేసి రెండో అక్షరం డ-కి డ కలిపాడు. "అంటే షార్ట్‌కట్టా?" అంది. షార్ట్‌కట్టే.

ఇక మోటారు. మామూలుగా మేం అరిచే వాక్యం ఇది: నీళ్ళు నిండగానే మోటారు కట్టెయ్యండి. కొలబద్ద మీద పెడితే నీళ్ళు, నిండ, దాకా బాగానే వచ్చి గానే దగ్గర ఆగిపోయింది. రెండూ గురువులు, సూర్యగణం ఒప్పుకోదు. "నిండిపోతె" అన్నాను, సర్దుకుంది. తర్వాత "ఆపండి మోటారు" అంటే గణాలు కుదిరాయి కానీ నీ-కి ఆ యతి కాదు. మోటారుని ఆపకుండా నిలపాల్సి వచ్చింది. "మోటారు నిలపడమేంట్రా, ఎద్దుబండా?" అన్నారు నాన్నగారు. యతి అండీ అంటే, "సరే, అయితే తప్పదు" అని ఊరుకున్నారు. పద్యాలు పాడినాయన కాబట్టి యతి పేరు చెప్తే గౌరవం.

రెండో పాదంలో కరెంటు పెట్టాలని పట్టుబట్టాను, బిల్లు కట్టేది నేను గనక. కరెంటు మహా మొండి మాట. మొదటి అక్షరం లఘువు, రెండోది గురువు, మళ్ళీ లఘువు. ఏ సూర్యగణమూ, ఏ ఇంద్రగణమూ అలా మొదలవదు. బజారు కూడా అంతే, ఖరీదు కూడా అంతే. మామూలు తెలుగు మాటల్లో మొదటి అక్షరం పొట్టిగా ఉండి రెండోది దీర్ఘం కావడం అరుదు. బయటి నుంచి వచ్చిన మాటలే ఇలా గుమ్మంలో అడ్డం పడతాయి. దీనికి ఒక దారి ఉంది. ముందు రెండు లఘువులున్న మాట పెట్టి, కరెంటులో క-ని దానికి అప్పగిస్తే మూడు లఘువుల సూర్యగణం ఒకటి తయారవుతుంది, మిగిలిన రెంటు ఇంకో సూర్యగణం. మనక, రెంటు. దానికి యతిగా మ-తో మొదలయ్యే పాదం కావాలి. దొరికింది.

మూడో పాదం మేడమెట్ల మీద. ట్యాంకు పొంగితే నీళ్ళు మెట్ల మీంచే దిగుతాయి. నాలుగో గణానికి మే, మె, మి లాంటి అక్షరం కావాలి. మేనల్లుడు, మిరపకాయ, మేక. మేక గెలిచింది. నాలుగో పాదం ఇంటి మకుటం, ఇకముందు అందరికీ పనికొచ్చేలా ఒకటి కట్టాం.

నీళ్ళు నిండిపోతె నిలపండి మోటారు
మట్టిపాలు నీరు, మన కరెంటు
మేడమెట్లు తడిసి మేకైన జారును
ఇంటివారలార యింత వినుడు

కవిత్వంగా దీనికి ఎన్ని మార్కులొస్తాయో నాకు తెలుసు. కానీ బోర్డు మీద ఎక్కిన మర్నాడే పైవాళ్ళ పిల్లాడు, ఒకటో తరగతి, పైపు చప్పుడు మారగానే మెట్ల మీంచి "మేకైన జారునూ!" అని అరుచుకుంటూ వచ్చి మా తలుపు కొట్టాడు. వాడికి ఇంకా చదవడం సరిగ్గా రాదు. వాళ్ళమ్మ చదివితే విని పట్టేశాడు. నాలుగు పాదాల్లో వాడికి కావలసింది వాడు తీసుకున్నాడు, మిగతావి వదిలేశాడు. ఇన్నేళ్ళుగా స్విచ్చు దగ్గర "దయచేసి మోటారు ఆపండి" అన్న కాగితం ఉండేది, దాన్ని ఎవరూ అరవలేదు.

ఆగస్టు మొదట్లో: వంటింటి జవాబు

ఇంట్లో నేనొక్కణ్ణే రాస్తే ఇది ప్రాజెక్టు అవదు, జబ్బు అవుతుంది. మా ఆవిడ ఛందస్సు జోలికి రానంది. నేను బలవంతం చేయలేదు. ఒక శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ మీద చీటీ. దాన్నే తెచ్చి బోర్డెక్కించాం.

కందిపప్పు లేదు, కారమ్ము కొంచెమే
నూనె అడుగునుంది, నువ్వె తెమ్ము
సంచి మరచిపోకు, సంతలో బేరాలు
ఆడకుండ రాకు, అయ్యగారు

అమ్మాయి సాయం పట్టిందని తర్వాత తెలిసింది. మా ఊరికి ఇప్పుడు సంతేమిటి, రైతుబజారు కదా అంటే, "బజారు పట్టలేదు. మీరేగా మొండి మాటన్నారు" అని జవాబు. మకుటం కూడా తీసి పారేసింది. ఇంటివారలందరికీ చెప్పాల్సిన అవసరం లేదట, బేరమాడటం చేతకానిది ఒక్కరికేనట. ఎవరికి రాస్తున్నామో తెలిసి రాసింది గనక ఈ పద్యం నా మోటారు పద్యం కన్నా బాగుందని నా అభిప్రాయం. "సంచి మరచిపోకు" అన్న ముక్క నాకు బండి స్టార్ట్ చేస్తుంటే దానంతటదే నోట్లోకి వస్తోంది. సంచి మర్చిపోవడం తగ్గింది. బేరాల సంగతి వేరు.

సరుకుల పద్యానికి ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పరిమాణాలు పట్టవు. కిలోనా అరకిలోనా అన్నది పద్యం కింద అంకెల్లో విడిగా రాయాల్సి వస్తోంది. పావులూరి మల్లన ఆ లెక్కలన్నీ ఎలా ఇరికించాడో.

ఆగస్టు ఆఖరు: నాన్నగారి సవరణ

నాన్నగారికి రెండు పూటలా ఒక మాత్ర. గుర్తు చేస్తే కోపం, చేయకపోతే మర్చిపోతారు. పద్యమైతే కోప్పడరని ఆశ. చిన్న అట్టముక్క మీద రాసి మందుల డబ్బాకి ఆనించాను.

మాత్ర వేసుకొండి, మరచిపోవద్దండి
బువ్వతిన్న పిదప బుద్ధిగాను
తీపి బూందిలడ్డు దిక్కు చూడగరాదు
ఇంటిపెద్ద మీరు, యింత వినుడు

కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మాట్లాడలేదు. కుర్రతనంలో ఊళ్ళో నాటకాల్లో వేషాలు వేసిన మనిషి, పద్యం చేతికిస్తే ఊరికే చదవరు. కుర్చీలోంచి లేచి, గోడకి చెయ్యి ఆనించి, "మరచిపోవద్దండీ" దగ్గర ఎత్తుకున్న రాగం కాఫీ చల్లారేదాకా సాగింది. పైవాళ్ళు మెట్ల మీదికి వచ్చి చూశారు. పక్కింట్లో టీవీ సౌండు తగ్గించారు.

ఆ తర్వాత పెన్ను అడిగారు. "బుద్ధిగాను" కొట్టేశారు. "డెబ్భై దాటినవాణ్ణి, నాకు బుద్ధి చెప్తావేంట్రా?" బు-కి యతి కావాలండీ, వేరే మాట దొరకలేదు అన్నాను. "బు-కి పు, పూ, పొ అన్నీ చుట్టాలే" అని దాని మీద "పూటపూట" అని రాశారు.

బువ్వతిన్న పిదప పూటపూట

యతి కుదిరింది, గణాలు కుదిరాయి. అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరు చెప్పింది రెండు పూటలూ అని. నేను రాసిన దాంట్లో ఆ సంగతే లేదు. చీటీగా కూడా నా పాదం కన్నా ఆయన పాదమే పనికొచ్చేది. అప్పటినుంచి ఏ పద్యం బోర్డెక్కాలన్నా ముందు ఆయనకి చూపిస్తున్నాం. ఆయన చూసేది రెండు: పాడితే నాలుక తట్టుకుంటుందా, చెప్పిన పని తేలుతుందా. అర్థాలంకారాల గురించి ఇంతవరకు ఒక్క మాట అనలేదు.

మాత్ర వేసుకుంటున్నారా? ఎక్కువ రోజులు వేసుకుంటున్నారు. లడ్డు పాదాన్ని మాత్రం పాడేటప్పుడు దాటేస్తున్నారు.

సెప్టెంబరు: కరెంటుకి చోటు

గాలివాన రాత్రి కరెంటు పోయి చాలాసేపు రాలేదు. అందరం వసారాలో చేరాం. కరెంటు మీదే పద్యం కావాలని అమ్మాయి గొడవ. ఆటవెలదిలో మళ్ళీ "మన కరెంటు" తప్ప దారి దొరకలేదు. ప్రతిసారీ మన, మన అంటుంటే ఎన్నికల ప్రసంగంలా ఉంది.

అప్పుడు గురజాడ గుర్తొచ్చాడు. 1910లో ఆయన ముత్యాలసరం అనే ఛందస్సు పట్టుకొచ్చింది ఇలాంటి చిక్కులు లేకుండానే. అక్కడ గణాల పేర్లతో పనిలేదు, మాత్రలు, అంటే పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు చొప్పున, లెక్కపెట్టుకుంటే చాలు. మూడు, నాలుగు, మూడు, నాలుగు. తకిట తకధిమి, తకిట తకధిమి. "దేశమును ప్రేమించుమన్నా" అని తొడ మీద తట్టుకుంటూ అంటే వేరే పాఠం అక్కర్లేదు. నాలుగో పాదం కొంచెం పొట్టి, మూడు నాలుగు మూడు రెండు.

కరెంటు ఎన్ని మాత్రలు? ఒకటి, రెండు, ఒకటి. నాలుగు! బజారు నాలుగు! ఖరీదు నాలుగు! ఆటవెలది గుమ్మంలో అడ్డం పడ్డవన్నీ ఇక్కడ తకధిమి స్థానంలోకి నేరుగా వెళ్ళి కూర్చుంటాయి. చీకట్లో అమ్మాయీ నేనూ చెరో పాదం చెప్పుకుంటూ కట్టింది:

రాత్రి కరెంటు పోయి చీకటి
వీధి బజారు మూసి ఉన్నది
అగ్గిపెట్టెను వెతుకుతుంటే
ఫోను వెలుగే దిక్కయా

దీంతో చేయించే పనేమీ లేదు కదా, నియమం తప్పావని మా ఆవిడ పట్టుకుంది. చీకట్లో ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టడం పని కాదా అన్నాను. పైవాళ్ళ ఇద్దరు పిల్లలూ మా అమ్మాయీ కరెంటు వచ్చేదాకా ఇదే తాళంలో కనపడినవన్నీ కట్టి పాడుతూనే ఉన్నారు. చాలావరకు దోమల మీద. అవి రాసిపెట్టుకోలేదు, పెట్టుకోవాల్సినంతవి కూడా కావు.

చిన్నపిల్లలతో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముత్యాలసరంతో మొదలుపెట్టమంటాను. యతి అక్కర్లేకుండా వినసొంపుగా నడుస్తుంది, నేటి మాటలు యథాతథంగా పడతాయి. అయితే చీటీలకి, హెచ్చరికలకి నా ఓటు ఆటవెలదికే. యతి దగ్గర చిన్న మేకు కొట్టినట్టు ఉంటుంది, మర్చిపోయిన పాదం ఆ అక్షరం పట్టుకుని వెనక్కి వస్తుంది. "మేడమెట్లు" అనగానే "మే"తో ఏదో ఉండాలని నోటికి తెలుసు, మేక దానంతటదే వస్తుంది. నాలుగు నెలల్లో నాకు తేలిన అసలు సంగతి ఇదే. యతిని ఇన్నాళ్ళూ పండితుల చాదస్తం అనుకునేవాణ్ణి.

అక్టోబరు: నా మీదే

దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్న మోటారు వేయబోతే బోర్డు మీద ఇది:

ఫోను చూడకంటు పోరుపెట్టే నాన్న
రీలు రీలు చూసి రేయి గడుపు
పద్యమొకటి రాసి పట్టుకుంటా నిన్ను
ఇంటివారలార యింత వినుడు

చప్పట్లు కొట్టి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. ఫో-కి పో, రీ-కి రే, ప-కి ప. తప్పు ఒక్కటైనా ఉంటే చెరిపించేవాణ్ణి. నాన్నగారు దీన్ని పాడమంటే మొహమాటం లేకుండా రెండుసార్లు పాడారు. "పట్టుకుంటా నిన్ను" దగ్గర భీముడు గద ఎత్తినట్టు చెయ్యెత్తారు.

దీన్ని చెరిపేది ఎప్పుడన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చ. నియమం ప్రకారం పని అయ్యేదాకా ఉండాలి. పని అయిందో లేదో తేల్చేది ఎవరు? అమ్మాయేనట. పది రోజులు దాటినా ఉంది. పైకి వచ్చిపోయే చుట్టాలందరూ చదివారు. ఫోను ఇప్పుడు రాత్రిపూట హాల్లో ఛార్జింగ్‌కి పెడుతున్నాను.

నవంబరు: మోటారుకి కొత్త మనిషి

మా ఆవిడ, పైవాళ్ళూ కలిసి ట్యాంకులో ఆటోమేటిక్ స్విచ్చు పెట్టించారు. నిండితే మోటారు దానంతటదే ఆగిపోతుంది. "పద్యం కన్నా ఇదే ఖరీదు తక్కువ" అని మా ఆవిడ అభిప్రాయం, మనశ్శాంతి లెక్కన చెప్తే నిజమే కావచ్చు. మోటారు పద్యం పని అయిపోయింది కాబట్టి, అమ్మాయి నోటుబుక్కులో దాని తాలూకు చిత్తుప్రతిని కూడా కొట్టేశాం. పైవాళ్ళ పిల్లాడు ఒప్పుకోలేదు. వాడిప్పుడు ఎవరు మెట్లెక్కినా దిగినా, నీళ్ళున్నా లేకపోయినా "మేకైన జారును" అంటున్నాడు. మొన్న కొరియర్ అబ్బాయిని కూడా హెచ్చరించాడు.

బోర్డు స్థలం మార్చాలి. స్విచ్చు దగ్గర ఎవరికీ పనిలేకపోతే బోర్డు దగ్గర కూడా పనిలేదు. వంటింటి బయట, చెప్పులు విడిచే చోట పెడదామని ప్రస్తుతానికి అనుకుంటున్నాం. అక్కడ తలుపు తీస్తే బోర్డుకి తగులుతుంది, అంచు రెండంగుళాలు కోయించాలి. పెయింటు కూడా ఒక మూల లేచింది, వసారా చెమ్మకి. ఇంకో పూత వేస్తే సరిపోతుంది.

ఆటవెలది చేతికి అలవాటైపోయిందని, కష్టమైనది ఏదైనా కావాలని అమ్మాయి అడుగుతోంది. నాన్నగారు కందం అన్నారు. కందం రాసినవాడే కవి అని పాత మాట ఉంది కదా, చూద్దాం అన్నారు. కొలబద్దకి "అప్పిచ్చువాడు వైద్యుడు" సిద్ధంగా ఉంది. అప్పిచ్చు, ఎప్పుడు, చొప్పడిన, చొప్పడకున్న. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్ప. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే నాలుగింటిలోనూ గురువే ఉండాలి. ఆటవెలదిలో లేని ప్రాస ఇక్కడ మెడ మీద కూర్చుంది.

విషయం గ్యాసు. సిలిండరు అయిపోకముందే బుక్ చేయమని. గ్యాసు అంటే రెండో అక్షరం స, మొదటిది గురువు. కాబట్టి మిగతా మూడు పాదాలూ దీర్ఘంతో మొదలై పక్కన స ఉండే మాటతో ఎత్తుకోవాలి. వాసన అని మా ఆవిడ చెప్పింది, లీకైతే వచ్చేది అదేగా. మోసిన అని నాన్నగారు, సిలిండరు మోసుకొచ్చే అబ్బాయిని తలుచుకుని. నాలుగో పాదానికి అమ్మాయి "బాసు" అంటోంది, అది నా గురించే అయ్యుంటుంది. నేను రాసిన, చూసిన, దోసె అని మూడు ఇచ్చాను. దోసె దగ్గర అందరం ఆగాం. గ్యాసు లేకపోతే దోసె ఉండదు కనుక దాన్ని వదిలే ప్రశ్నే లేదు. ఇప్పుడు బాసునైనా తీసేయాలి, మోసే అబ్బాయినైనా.